గజ్జలో బిళ్ళ ఎందుకు కట్టును?

రామగుండము, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుగనులలో పనిచేయు కార్మికుని కాలికి గాయమై చీము పట్టినచో, రెండు మూడు దినములలో గజ్జలో బిళ్ళ కట్టుట కద్దు. చేతికి గాయమైనచో చంకలో కట్టును. దెబ్బ ఒకచోట, వాపు మరియొకచోట! దీనికి కారణమేమి?

బిళ్ళ అనునది వాచిన లింఫు గ్రంథియే. గాయము వైపునుండి వచ్చు లింఫు ద్రవము ఈ గ్రంథిలో వడపోయబడును. దానితో వచ్చిన క్రిములను, వాటి విషములను అచ్చట లింఫోసైటులు అను తెల్లకణములు పరీక్షించును. ఒక్కొక్క బి-లింఫోసైటుపై వేలకొలది గ్రాహకములు గలవు. ఒక కణముపై నున్నవన్నియు ఒకే మూసలోనివి. వేరొక కణముపై నున్నవి వేరొక మూసలోనివి. ఏదైన ఒక ప్రతిజనకమునకు సరిపడు కణములు లక్షలో ఒకటియైనను ఉండవచ్చును, అంతకన్న తక్కువగనైనను ఉండవచ్చును.

ప్రతిజనకమే అచ్చువలె నిలిచి ప్రతిరక్షకమును తనకు తగినట్లు మలచునని 1940లో లైనస్ పౌలింగ్ భావించెను. 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ ఇందుకు భిన్నముగా చెప్పెను. తాళమును చూచి తాళపుచెవి చేయబడుట లేదు. చెవుల గుత్తి ముందే సిద్ధముగా నున్నది. ప్రతిజనకము తనకు సరిపడు దానిని ఎన్నుకొనుచున్నది, అంతే. జన్యువుల ముక్కలు పలువిధముల కూడుటచే ఇన్ని రకములు ఏర్పడుచున్నవని 1976లో టోనెగావా నిరూపించెను.

ఎన్నికైన కణమునకు టి-లింఫోసైటుల తోడ్పాటు కూడ లభించినచో అది పెరిగి విభజన చెందును. దినమునకు రెండుసార్లు విభజన జరిగినదనుకొందము. మొదటి దినాంతమునకు 4, రెండవ దినాంతమునకు 16, అయిదవ దినాంతమునకు 1,024 కణములగును. ఒకే కణమునుండి పుట్టిన ఈ సంతతిని క్లోను అందురు. వీనిలో కొన్ని సెకనుకు వేలకొలది ప్రతిరక్షకములను స్రవించును. కొన్ని స్మృతికణములై చిరకాలము నిలుచును. గ్రంథిలో కణములు ఇట్లు గుమిగూడి వృద్ధిచెందుటయే బిళ్ళకు ఒక ముఖ్యకారణము.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు కలదు: అయిదారు దినముల వ్యవధి కావలెను. ధనుర్వాతపు క్రిమిబీజములు మట్టిలో ఉండును. లోతైన గాయమున, గాలి సోకని చోట, అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము అత్యల్పమైనను ప్రాణము తీయగలదు. కాని అంత స్వల్పమైన విషము లింఫోసైటులను మేల్కొల్పుటకు చాలదు. అందుచేతనే ధనుర్వాతము వచ్చి బ్రతికినవారికి సైతము మరల టీకా వేయవలసి యున్నది.

టీకాలోనిది ఫార్మలిన్‌తో విషగుణము పోగొట్టబడిన విషమే. దాని ఆకృతి చాలవరకు మారదు గనుక గ్రాహకములు దానిని గుర్తించును. ప్రమాదము లేకుండ క్లోను వృద్ధిచెంది స్మృతికణములు మిగులును. గనిలో ప్రమాదము జరిగిన పిమ్మట రక్షకదళమునకు శిక్షణ మొదలుపెట్టరు గదా! ఇదియు అట్టిదే. ఎన్నడును టీకా పొందనివానికి మట్టి సోకిన లోతైన గాయమైనచో, ఆనాడు వేసిన టీకా వెంటనే అక్కరకు రాదు. అందుచే వైద్యులు సిద్ధముగానున్న ప్రతిరక్షకములను కూడ ఎక్కింతురు.

మనదేశమున 10వ ఏట, 16వ ఏట బాలబాలికలకు టి.డి. టీకా వేయుచున్నారు. సూదికి జంకు విద్యార్థికి ఉపాధ్యాయుడు ఈ 1,024 లెక్కను నల్లబల్లపై చేసి చూపుట మేలు. గాయము వ్యవధి ఇచ్చి రాదు. టీకా ఆ వ్యవధిని ముందుగానే సంపాదించి పెట్టును.