ఉండేలు నుంచి ఉపగ్రహం దాకా

మీలో చాలామందికి ఉండేలుతో మామిడికాయలు కొట్టడం వచ్చే ఉంటుంది. రాకపోయినా, కొట్టేవాళ్ళని చూసే ఉంటారు. అదే ఉండేలుతో ఉత్తరాలు పంపిన మనిషి ఒకాయన ఉన్నాడంటే నమ్ముతారా?

ఆయన పేరు బెర్నార్డ్ మోఅతెస్యే. ఫ్రెంచివాడు. ఒక్కడే, దారిలో ఏ రేవులోనూ ఆగకుండా, తెరచాప పడవలో భూమి చుట్టూ తిరిగి రావాలని 1968లో ఇంగ్లండు నుంచి బయలుదేరాడు. పడవలో రేడియో ప్రసారయంత్రం పెడతాం, తీసుకెళ్ళమంటే వద్దన్నాడు. మరి కబుర్లెలా పంపేవాడు? దూరాన ఓడ కనబడితే దగ్గరికి పడవ నడిపి, చీటీ రాసి, ఫొటో ఫిల్ము చుట్ట ఉండే చిన్న డబ్బాలో దాన్ని కూరి, ఉండేలు సాగదీసి, గురి చూసి ఓడ మీదకి కొట్టేవాడు! ఓడవాళ్ళు ఆ డబ్బాని తరవాతి రేవులో అందజేసేవాళ్ళు.

ఇప్పుడు యాభై అయిదేళ్ళు ముందుకి రండి. 2023 డిసెంబరు. పన్నెండు మీటర్ల పొడవున్న ఒక పడవలో కోల్ బ్రవర్ అనే అమెరికా అమ్మాయి ఒంటరిగా ప్రయాణం చేస్తోంది. ఒక పెద్ద అల పడవని పక్కకి తోసింది. గదిలో ఉన్న ఆమె బంతిలా ఎగిరి అవతలి గోడకి కొట్టుకుంది. పక్కటెముకలకి దెబ్బ తగిలింది. ఈ సంగతంతా గోడకి బిగించిన కెమెరా చూస్తూనే ఉంది. నడిసముద్రంలో జరిగిన ఈ ప్రమాదాన్ని లోకంలో లక్షలమంది తమ ఇళ్ళల్లో కూర్చుని చూశారు.

ఉండేలుకీ దీనికీ ఎంత దూరం! ఆ దూరం ఎలా గడిచిందో చూద్దాం.

నోరులేని సముద్రం

మోఅతెస్యే వెళ్ళింది ఒక పందెంలో. మొత్తం తొమ్మిదిమంది బయలుదేరారు. పూర్తిచేసింది ఒక్కడే. ఆయన రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే ఆంగ్లేయుడు. ఆయన పడవ పేరు సుహైలీ. ఆ పడవ పుట్టిల్లు ఎక్కడో తెలుసా? మన బొంబాయి! టేకు కలపతో అక్కడి వడ్రంగులు కట్టిన పడవ అది. 1968 జూన్ 14న బయలుదేరిన సుహైలీలో రేడియో దారిలో పాడైపోయింది. నవంబరులో న్యూజిలాండ్ తీరంలో మనుషులకి కనిపించాడు. ఆ తరవాత నాలుగు నెలలు దాటినా ఆయన ఉన్నాడో లేడో ఎవరికీ తెలియలేదు. 1969 ఏప్రిల్‌లో ఒక చమురు ఓడకి సంకేతాలిచ్చి “నేను బతికే ఉన్నాను” అని తెలియజేయగలిగాడు. ఏప్రిల్ 22న గట్టెక్కాడు. ఆ నాలుగు నెలలూ ఇంట్లోవాళ్ళు ఎలా గడిపి ఉంటారో ఊహించండి.

అదే పందెంలో డోనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఆయన కథ వేరు. ఆయన పడవలో రేడియో చక్కగా పనిచేస్తూనే ఉంది. కాని పడవ మంచిది కాదు. ముందుకి పోతే మునుగుతుంది, వెనక్కి పోతే అప్పులవాళ్ళు ఇల్లు గుంజుకుంటారు. పాపం, ఏం చేశాడంటే, అట్లాంటిక్ సముద్రంలోనే తిరుగుతూ, ప్రపంచం చుట్టూ తిరుగుతున్నట్టు దొంగ లెక్కలు రేడియోలో చెప్పాడు. టెలివిజన్ వాళ్ళిచ్చిన సినిమా కెమెరా కూడా ఆయన దగ్గర ఉంది. దానితో తన ప్రయాణాన్ని చిత్రీకరించాడు కూడా. కాని అట్లాంటిక్ నీళ్ళు ఒక రంగులోనూ పసిఫిక్ నీళ్ళు ఇంకో రంగులోనూ ఉండవు కదా! బొమ్మ చూసి ఏ సముద్రమో ఎవరు చెప్పగలరు? 1969 జూలై 10న ఆయన పడవ ఖాళీగా దొరికింది. ఆయన దొరకలేదు. పందెం గెలిచిన నాక్స్ జాన్‌స్టన్ తన అయిదువేల పౌన్ల బహుమతిని ఆ కుటుంబానికి ఇచ్చేశాడు.

ఇప్పటి పందెపు పడవల్లో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అది పైనున్న ఉపగ్రహాల గడియారాలు వింటుంది. ఏ ఉపగ్రహం నుంచి సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, కనీసం నాలుగు ఉపగ్రహాలతో లెక్కకట్టి, పడవ ఎక్కడుందో తేల్చి గట్టుకి చెప్పేస్తుంది. నావికుడు నోరు విప్పక్కర్లేదు. పాపం క్రోహర్స్ట్ కాలంలో ఈ పెట్టె ఉండి ఉంటే, ఆ మొదటి అబద్ధం చెప్పే వీలే ఆయనకి ఉండేది కాదు.

ఆకాశంలో పొట్టి నిచ్చెన

ఇంతకీ బ్రవర్ వీడియోలు గట్టుకి ఎలా చేరాయి?

సెల్‌ఫోను స్తంభం మాట తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లకి మించి వినబడదు. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడుంటే భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తాయి. అది సుఖమే. కాని ఎంత దూరమో చూడండి! మీ మాట పైకి 36,000, కిందకి 36,000 వెళ్ళాలి. కాంతి వేగంతో వెళ్ళినా దాదాపు పావు సెకండు. అవతలివాళ్ళ జవాబు రావడానికి ఇంకో పావు సెకండు.

కొత్త ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. నిచ్చెన పొట్టిదైంది, ఆలస్యం మాయమైంది. కాని ఇంకో చిక్కొచ్చింది. అంత కిందున్న ఉపగ్రహం ఒకచోట నిలవదు. సెకండుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పరిగెత్తి, గంటన్నరలో భూమిని చుట్టేస్తుంది. పడవ నెత్తిమీద నుంచి కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. అందుకే ఒకటీ రెండూ కాదు, వేలకొద్దీ ఉపగ్రహాలు కావాలి. ఒకటి దాటిపోగానే ఇంకోటి అందుకోవాలి. గట్టుమీద కేంద్రం అందనంత దూరంలో పడవ ఉంటే, ఉపగ్రహాలు లేజరు కిరణాలతో ఒకదానికొకటి కబురు అందించుకుంటూ పోతాయి.

సరే, పైన ఉపగ్రహం పరుగెడుతోంది. కింద పడవ ఊగుతోంది. మధ్యలో ఏంటెన్నా గురి ఎలా నిలుస్తుంది? ఎవరో పక్కన నిలబడి తిప్పుతూ ఉండాలా? అక్కర్లేదు. ఆ ఏంటెన్నా పళ్ళెంలాంటి పలక. అందులో వందలాది చిట్టి ఏంటెన్నాలు ఉంటాయి. ఒక ఉపమానం చెబుతాను. చెరువు గట్టున పదిమంది పిల్లలు వరుసగా నిలబడి ఒక్కసారే రాళ్ళేశారనుకోండి. అల తిన్నగా ఎదరకి పోతుంది. ఎడమ చివరివాడు ముందు వేసి, ఆ పక్కవాడు రవంత ఆలస్యంగా, ఆ పక్కవాడు ఇంకాస్త ఆలస్యంగా వేస్తూ పోతే? అల కుడివైపుకి ఏటవాలుగా వెళుతుంది. పిల్లలెవరూ కదలలేదు, అల మాత్రం దిక్కు మార్చుకుంది. ఏంటెన్నా పలక చేసేదీ ఇదే. ఆ ‘రవంత ఆలస్యాన్ని’ సెకండుకి ఎన్నోసార్లు మార్చుకుంటూ, కదలకుండానే ఉపగ్రహం వెంట చూపు తిప్పుతుంది.

కరెంటు బిల్లు, మంచినీళ్ళు

ఆ పలక ఇంచుమించు 60 వాట్ల బల్బంత కరెంటు తింటుంది. పగలూ రాత్రీ వేసి ఉంచితే రోజుకి దాదాపు ఒకటిన్నర యూనిట్లు. మన ఇంట్లో అది లెక్కలోకి రాదు. పడవలో చాలా ఎక్కువ. 100 వాట్ల సూర్యఫలకం అయిదు గంటల మంచి ఎండలో ఇచ్చేది అరయూనిటు. మబ్బు పడితే అదీ లేదు. చుక్కాని పట్టే యంత్రానికి కరెంటు కావాలి. దీపాలకి కావాలి. అది ఆగిపోతే ఒంటరి మనిషి నిద్రపోవడానికే వీలుండదు. అందుకే చాలామంది నావికులు పలకని కొన్ని గంటలే వేస్తారు. పడవ వెనక నీళ్ళలో చిన్న పంకాను ఈడ్చుకుపోయి కరెంటు తీసే సాధనం కూడా ఉంది. సైకిలు చక్రానికి డైనమో ఆనిస్తే తొక్కడం కాస్త బరువవుతుంది కదూ? అలాగే ఈ పంకా కూడా పడవ వేగంలో కొంత దోచుకుంటుంది.

మంచినీళ్ళ సంగతీ చెప్పాలి. ఆవకాయ కలిపిన మర్నాడు జాడీలో ఊట ఎలా ఊరుతుంది? ఉప్పు మామిడిముక్కలోంచి నీటిని బయటికి లాగుతుంది. నీరు ఎప్పుడూ పలచన వైపు నుంచి ఉప్పు వైపుకే పోతుంది. దాన్ని వెనక్కి తిప్పాలంటే బలవంతం చేయాలి. పడవలో ఉండే యంత్రం సముద్రపు నీటిని మనచుట్టూ ఉన్న గాలి పీడనానికి యాభై రెట్లకి పైగా ఒత్తి, సన్నని పొరలోంచి తోస్తుంది. నీరు దాటుతుంది, ఉప్పు ఆగిపోతుంది. దీనికీ కరెంటే. అంటే వీడియో పంపాలా, నీళ్ళు తాగాలా అన్న లెక్క ఒక్కోరోజు నిజంగానే వస్తుంది.

బ్రవర్‌కి దారిలో ఒంట్లో నీరు తగ్గిపోయి నీరసం వచ్చింది. తన చేతికి తానే సూది గుచ్చుకుని సెలైను ఎక్కించుకుంది. (ఆమెకి ముందే శిక్షణ ఇచ్చారు. మీరు దీపావళికి టపాకాయ కాల్చడానికే అమ్మని అడగాలి, గుర్తుంచుకోండి.) అంతకుముందు ఇంకో పెద్ద పందెం జట్టువాళ్ళు ఆమె మరీ పొట్టి అని చేర్చుకోలేదట. ఆమె ఎత్తు అయిదడుగుల పైన చిల్లర. 2023 అక్టోబరు 29న స్పెయిన్‌లోని ఎ కొరూన్యా రేవులో బయలుదేరి, 130 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి, 2024 మార్చి 7న అదే రేవుకి వచ్చింది. పదహారుమంది బయలుదేరిన ఆ పందెంలో ఆమెది రెండో స్థానం. ఒంటరిగా, ఆగకుండా భూమి చుట్టివచ్చిన మొదటి అమెరికా మహిళ ఆమే.

కబురు వేగం, ఓడ వేగం

ఇక్కడ ఒక పొరపాటు పడకండి. కబురు రెప్పపాటులో వెళ్ళినంత మాత్రాన సాయం రెప్పపాటులో రాదు. మన నౌకాదళానికి చెందిన అభిలాష్ టామీ 2018 సెప్టెంబరు 21న తుపానులో పడవ తిరగబడి, వెన్నుకి గాయమై కదలలేకపోయాడు. ఆస్ట్రేలియాలోని పెర్త్ రేవుకి ఆయన దాదాపు 3,500 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఉపగ్రహం ద్వారా కబురు వెంటనే వెళ్ళింది. విమానాలు వచ్చి చూశాయి. కాని మనిషిని ఎత్తుకునే ఓడ చేరింది 24వ తేదీన! ఆయన లేచి, కోలుకుని, 2023 ఏప్రిల్‌లో అదే పందెంలో రెండోవాడుగా వచ్చాడు.

పసిఫిక్‌లో పాయింట్ నీమో అనే చోటుంది. అన్నివైపులా దాదాపు 2,688 కిలోమీటర్ల వరకూ నేల లేదు. అంతరిక్ష కేంద్రం నెత్తిమీదుగా పోతే దాని ఎత్తు 400 కిలోమీటర్లే కాబట్టి, ఆ క్షణంలో పడవలోవాళ్ళకి అందరికంటే దగ్గరి మనుషులు ఆకాశంలో ఉన్నవాళ్ళే. 2025 జనవరిలో మన తారిణి పడవలో దిల్నా, రూప అనే ఇద్దరు నౌకాదళ అధికారిణులు అక్కడి నుంచి దాటారు. అదే తారిణి 2017-18లో ఆరుగురు అధికారిణులతో భూమి చుట్టివచ్చింది. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళే: విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య.

అలలు ఎందుకు పొట్టివైపోతాయి?

ఈ వీడియోలు చూసే పిల్లలు తరచు ఒక మాటంటారు: “ఇంతేనా? అలలు అంత పెద్దవేం కావే!” నావికుల బాధ కూడా అదే. మూడంతస్తుల మేడంత అల వస్తుంటే వణుకుతూ చిత్రం తీస్తే, తెరమీద చెరువులో అలలా కనిపిస్తుంది. ఎందుకని?

ఒకటి, ఆ చిన్న కెమెరాల అద్దం చాలా వెడల్పు చూపు కలది. ఎక్కువ మేర చూపించడం కోసం ప్రతిదాన్నీ దూరంగా, చిన్నదిగా చేసేస్తుంది. రెండోది, సముద్రంలో పోల్చి చూసుకోవడానికి చెట్టూ లేదు, మనిషీ లేడు. మూడోది అన్నిటికంటే తమాషా అయినది. కెమెరా పడవకే బిగించి ఉంటుంది. పడవ ఒరిగితే కెమెరా కూడా ఒరుగుతుంది. అందుకని తెరమీద పడవ బుద్ధిగా నిలబడి ఉంటుంది, దూరపు నీటిగీత మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. మన కన్నైతే మోసపోయేది కాదు, చెవి లోపలి సమతూకపు గొట్టాలు ‘నువ్వు ఒరుగుతున్నావు’ అని చెప్పేస్తాయి. కెమెరాకి చెవులు లేవు!

పడవ వంటగదిలో పొయ్యిని రెండు మొలల మీద ఊయలలా వేలాడదీస్తారు. వీడియోలో ఆ పొయ్యి తెగ ఊగుతున్నట్టు, టీ కెటిల్ ఒలికిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. నిజానికి పడవ మొత్తంలో కదలకుండా ఉన్నది ఆ పొయ్యి ఒక్కటే. ఊగుతున్నది గోడలు!

ఇంకో సంగతి. ఆస్ట్రేలియా దంపతుల లా వాగబాండ్ పడవ 2019 నవంబరులో గ్రెటా థున్‌బర్గ్ అనే స్వీడన్ అమ్మాయిని ఎక్కించుకుని అమెరికా నుంచి పోర్చుగల్‌కి మూడు వారాల్లో చేరింది. అంటే దాదాపు 500 గంటలు. వీడియోలో మనం చూసేది ఏ అరగంటో. మిగతా గంటలన్నీ తాడు బిగించడం, నీళ్ళు తోడడం, తడిబట్టల్లో కునుకు తీయడం. అవి ఎవరూ చూడరు. చూసేవాళ్ళు తగ్గితే డబ్బూ తగ్గుతుంది కాబట్టి, తుపాను రోజు ఉన్నంత పొడుగ్గా కనిపిస్తుంది, ఏమీ జరగని రోజు మాయమైపోతుంది. మీరు చూస్తున్నప్పుడు తేదీలు లెక్క పెట్టుకోండి. మధ్యలో ఎన్ని రోజులు ఎగిరిపోయాయో తెలుస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఈ చిన్న ప్రయోగం చేయండి. ఒక పీట తీసుకోండి. దానిమీద ఒక చివర సగం నీళ్ళున్న గాజుసీసాని మూత బిగించి తాడుతో కట్టండి. రెండో చివర నాన్నగారి ఫోనుని, సీసా వైపు చూసేలా గట్టిగా కట్టండి (అడిగి తీసుకోండి, సముద్రంలో పారేశానని చెప్పే పని పెట్టుకోకండి). వీడియో మొదలుపెట్టి, పీటని నెమ్మదిగా ఎడమకీ కుడికీ ఒంచండి. తరవాత వీడియో చూడండి. సీసా నిటారుగా నిలబడే ఉంటుంది. నీళ్ళు మాత్రం తుపాను పట్టినట్టు ఒకవైపు ఎగదన్నుతాయి.