చెఱకు నేర్పిన దంతధర్మము

1937లో స్థాపితమైన బోధను నైజాము చక్కెర కర్మాగారము 2015లో మూతవడినను, చెఱకుసీమ నేర్పిన పాఠమొకటి మఱువరానిది. కోసిన చెఱకు గానుగకు చేరక నిలిచినచో, ల్యూకోనోస్టాక్ అను సూక్ష్మజీవి అందలి చక్కెరను జిగటగా మార్చును. మన పండ్లపై స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ చేయునదియు నిట్టిదే: తిన్న చక్కెరతో జిగురుపొర నల్లి, దాని మాటున ఆమ్లము పుట్టించి పంటిని తొలుచును. సామాన్యపు పుక్కిలింత మందులు ఆ పొరలోనికి చక్కగా చొరజాలవు. రక్తహీనతకు వాడు ఫెరుమాక్సిటాల్ అను ఔషధమునందలి అతిసూక్ష్మపు ఇనుము ఆక్సైడు రేణువులు హైడ్రోజన్ పెరాక్సైడుతో గూడి ఆ పొరను ఛేదించునని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిరి. ఇది యింకను పరిశోధనలోనిదే. కావున, కోసిన చెఱకును నిలువనీయని రైతువలె, తిన్న తీపిని పండ్లపై నిలువనీయక రాత్రులందు తోముకొనునట్లు బిడ్డల కలవరచుట తలిదండ్రుల విధి.