తెలంగాణములో రాజకీయ పక్షముల పుట్టుక

1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇతర భాషలలో ప్రసంగించినవారిని సభవారు ఓపికతో వినిరి. ఆలంపల్లి వేంకట రామారావు లేచి తెలుగున మాటాడబోగా గేలిచేసి, ఆయనను సాగనీయరైరి. నిజాము రాజ్యములో తెలుగువారే యెక్కువ. ఐనను రాజధానిలో వారి మాటకు గౌరవము లేకుండెను. ఆ అవమానమును సహింపలేక కొందరు అప్పుడే కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు దాని కార్యభారమును వహించెను.

ఇంగ్లండులో పార్లమెంటు ముందు పుట్టి, దానిలో 17వ శతాబ్దపు చివర విగ్గులు, టోరీలు అను పక్షములు పుట్టినవి. ఇచ్చట క్రమము తలక్రిందైనది. వయోజనులందరు ఎన్నుకొనిన శాసనసభ లేదు. గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువు వలన సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదు. కావున జనసంఘమువారు రాజకీయముల జోలికి పోక గ్రంథాలయములు, తెలుగు బడులు, వెట్టిచాకిరి నివారణ మొదలగు పనులను చేపట్టిరి. వెట్టిని మాన్పుమనుట రాజకీయము కాదని వారనుకొనిరి కాబోలు!

1930లో ఈ సంఘమే ఆంధ్ర మహాసభయై, జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలిసారి సమావేశమయ్యెను. మరుసటి యేడు నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1936లో మహబూబునగరము జిల్లా షాద్‌నగరులో కొండా వేంకట రంగారెడ్డి అధ్యక్షులైరి. వినతిపత్రములతో మేలు కలుగునని పెద్దలు నమ్మిరి. భూమి దున్నువానికి, వెట్టి చేయువానికి ఆ ఓపిక యెంతకాలముండును? 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడగుటతో యువకుల మాట బలపడెను. 1944లో భువనగిరి సభ సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించెను. అణా యిచ్చుకొనగల కూలివాడును సభ్యుడు కాగలిగెను. సభ యెవరిదన్న ప్రశ్న తేలిపోయినది. మితవాదులు వేరైరి. వారిలో అనేకులు, 1938లో పుట్టగానే నిషేధమునకు గురియైన స్టేట్ కాంగ్రెసును 1946లో ఆ నిషేధము తొలగిన పిమ్మట బలపరచిరి. రెండవవారు కమ్యూనిస్టులై రైతుల సాయుధ పోరాటమును నడపిరి.

1952 ఎన్నికలలో ఉభయులును ఓటరు గడపకు వచ్చిరి. కమ్యూనిస్టు పక్షముపై హైదరాబాదు రాష్ట్రమున నిషేధముండుటచే ఆ అభ్యర్థులు ప్రజాస్వామిక ఐక్య సంఘటన పేర నిలిచిరి. 175 స్థానముల శాసనసభలో కాంగ్రెసుకు 93, సంఘటనకు 42 లభించినవి. దేవరకొండ సభాధ్యక్షుడు బూర్గుల, షాద్‌నగరు నుండి గెలిచి ముఖ్యమంత్రి యయ్యెను. చిలుకూరు సభాధ్యక్షుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి లోక్‌సభకు నెహ్రూ పండితునికంటె నెక్కువ ఓట్లతో గెలిచి, ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండెను.