పటం మీది బూజు

పిల్లలూ, వానాకాలంలో ఊరగాయ మీదా, తోలు చెప్పుల మీదా తెల్లగా బూజు పట్టడం మీరు చూసే ఉంటారు. సాలెపురుగు అల్లే బూజు కాదు నేను చెప్పేది! మనమైతే దాన్ని తుడిచి పారేస్తాం. 1945లో పసిఫిక్ మహాసముద్రంలోని గ్వామ్ దీవిలో ఉన్న రిచర్డ్ షోప్ అనే అమెరికన్ డాక్టరు అలా చెయ్యలేదు. తన భార్య హెలెన్ ఫోటో పైకప్పుకు పట్టిన బూజును పదిలంగా తీసి పెంచాడు. దాని సారం ఎక్కించిన చుంచెలుకలు వైరస్ జబ్బును తట్టుకున్నాయి. ఆ సారానికి ఆయన భార్య పేరు కలిసేలా ‘హెలెనైన్’ అని పేరు పెట్టాడు. చుంచులు ఎందుకు బతికాయో మాత్రం ఆయనకు అంతుబట్టలేదు.

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మరొక వింత చూశారు. కోడిగుడ్డులోని పిండం పొరలను వేడితో చంపిన ఫ్లూ వైరస్‌తో కలిపి ద్రవంలో ఉంచారు. తరవాత ఆ ద్రవంలో కొత్త పొరలను ఉంచి, బతికిన వైరస్‌ను వదిలారు. అది సరిగా పెరగలేకపోయింది! వైరస్‌కు అడ్డుతగిలే ఏదో పదార్థాన్ని మొదటి పొరల కణాలు ద్రవంలోకి వదిలాయన్నమాట. దానికి ‘ఇంటర్‌ఫెరాన్’ అని పేరు పెట్టారు.

మరి వైరస్ వచ్చిందని కణానికి ఎలా తెలుస్తుంది? దానికి కళ్ళా, చెవులా?

కణంలో ఆర్.ఎన్.ఏ. అనే సన్నని దారాలుంటాయి. అవి చాలావరకు ఒంటిపోగువి. చాలా వైరస్‌లు తమకు నకళ్ళు తీసుకునేటప్పుడు పాత పోగు పక్కనే కొత్త పోగు అల్లుకుని, పొడుగాటి రెండుపోగుల దారం తయారవుతుంది. కణంలోని కాపలా ప్రోటీనులు పసిగట్టేది దీన్నే. మీలో చురుకైనవాళ్ళు, “మన డి.ఎన్.ఏ. కూడా రెండుపోగులే కదా, మాస్టారూ!” అంటారని నాకు తెలుసు. నిజమే. కాని అది వేరే జాతి దారం. పైగా కేంద్రకమనే పెట్టెలో భద్రంగా ఉంటుంది.

దొంగ జొరబడిన ఇంటివాడు కేక పెడితే ఇరుగుపొరుగువాళ్ళు కర్రలు పట్టుకుని కూచుంటారు చూడండి! ఇంటర్‌ఫెరాన్ ఆ కేక. అది విన్న పక్క కణాలు ఆయుధాలు తయారుచేసుకుంటాయి. కాని అందులో కొన్ని ఆయుధాలు నిద్రలోనే ఉంటాయి. రెండుపోగుల దారం తగిలితేనే లేస్తాయి. అది తగిలిందా, ఒకటి ప్రోటీనుల తయారీని ఆపేస్తుంది. ఇంకొకటి ఆర్.ఎన్.ఏ. దారాలను తెగ్గొట్టిస్తుంది, వైరస్‌వే కాదు, కణం సొంతవి కూడా! ఒక్కొక్కసారి ఆ కణం చచ్చిపోతుంది, వైరస్ పంట మాత్రం పండదు. ఫ్లూ వచ్చినప్పుడు మీకు ఒళ్ళు కాలి, కీళ్ళు లాగడానికి ఈ ఇంటర్‌ఫెరాన్ కూడా ఒక కారణం.

పరాయి న్యూక్లియిక్ ఆమ్లమే కణాన్ని హెచ్చరిస్తుందని ఐజాక్స్ 1963లోనే ఊహించాడు. 1967లో అమెరికాలో హిల్మన్ బృందం హెలెనైన్‌ను శుద్ధి చేసి చూస్తే, అందులో పనిచేసేది రెండుపోగుల ఆర్.ఎన్.ఏ. అని తేలింది. అది చూడడానికి షోప్ లేడు. అంతకు ముందు ఏడే పోయాడు. ఐజాక్స్ కూడా ఆ జనవరిలోనే, 45 ఏళ్ళకే కన్నుమూశాడు.

ఇంతకీ బూజులోకి ఆ దారం ఎక్కడినుంచి వచ్చింది? హెలెన్ పటం మీది బూజుకే వైరస్ పట్టి ఉన్నది!