కండకు కావలసింది క్రమంగా పెరిగే భారం

శరీరబలం ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు స్థూలమైన సమాధానం 1940ల నాటికే వైద్యుల చేతికి వచ్చింది. పెద్ద కండరాలన్నిటినీ కదిలించే కొద్దిపాటి వ్యాయామాలను ఎంచుకోవడం, వాటిని శరీరం కష్టపడి మోయగలిగినంత భారంతో చేయడం, ఆ భారం అలవాటు కాగానే దాన్ని మరికొంచెం పెంచడం, రెండు సాధనల మధ్య తగినంత విశ్రాంతి ఇవ్వడం అనేవే ఆ సమాధానంలోని ముఖ్యాంశాలు. ఇంత సాదా విషయాన్ని ఏటేటా కొత్త సరుకుగా అమ్మడం కుదరదు కాబట్టి, అమ్మకానికి అనువైన కొత్త పేర్లు, కొత్త పరికరాలు, ‘21 రోజుల సవాళ్లు’ పుట్టుకొస్తూనే ఉంటాయి. వాటి వెంట పరుగెత్తి డబ్బు పోగొట్టుకోవడం ఒక నష్టమైతే, బలం పెరగడానికి అసలు అవసరమైన నెలల తరబడి నిలకడ చేజారిపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

రెండవ ప్రపంచ యుద్ధం చివరి దశలో అమెరికా సైనిక ఆసుపత్రులు గాయపడిన సైనికులతో నిండిపోయాయి. మోకాలి గాయంతోనో శస్త్రచికిత్సతోనో బలహీనపడిన కాలికి తేలికపాటి బరువుతో ఎక్కువసార్లు కదలికలు చేయించడమే అప్పటి వైద్యుల పద్ధతి. భారీ బరువు హాని చేస్తుందన్న భయం వల్ల అంతకు మించి పోయేవారు కారు. దాంతో కోలుకోవడానికి చాలాకాలం పట్టేది. చికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేస్తున్న థామస్ డిలోర్మ్ అనే యువ వైద్యుడు ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. చిన్న వయసులో రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, ఆ తరువాత బరువులు ఎత్తి బలం పుంజుకున్న అనుభవం ఆయనకు ఉంది. రోగి పాదానికి ఇనుప బూటు కట్టి, దానికి ప్లేట్లు తగిలించి, ఆ రోగి సరిగ్గా 10 సార్లు మాత్రమే కాలు చాచగలిగే బరువు ఎంతో ముందుగా కనుక్కొని, ఆ కొలత ఆధారంగా వ్యాయామం చేయించి, బలం పెరిగే కొద్దీ బరువును పెంచుతూ వెళ్లాడు. ఫలితాలను 1945లో ప్రచురించాడు. 1948లో ఆర్థర్ వాట్కిన్స్ అనే మరో వైద్యుడితో కలిసి ఈ విధానాన్ని మరింత సులువు చేశాడు. 10 సార్లు ఎత్తగల గరిష్ఠ బరువులో సగంతో మొదటి విడత, ముప్పాతికతో రెండవ విడత, పూర్తి బరువుతో మూడవ విడత చేయడమే ఆ సులువైన రూపం. ఒక్కసారి ఎత్తి దించడాన్ని జిమ్ భాషలో రెప్ అనీ, ఆగకుండా చేసిన రెప్పుల విడతను సెట్ అనీ అంటారు. ‘మూడు సెట్లు, పదేసి రెప్పులు’ అని ఈనాడు ప్రతి ఊరి జిమ్‌లోనూ వినిపించే మాట ఆ ఆసుపత్రిలో మొదలైన ఆలోచన నుంచే వచ్చింది.

ఈ పద్ధతి పనిచేయడానికి కారణం కండరానికీ నాడీమండలానికీ ఉన్న సంబంధంలో ఉంది. కండరం వేల సన్నని తంతువుల కట్ట. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కొక్క నాడీకణం కొన్ని తంతువులను ఒక దళంగా కలిపి శాసిస్తుంది. తేలికైన పనికి శరీరం చిన్న దళాలను మాత్రమే పిలుస్తుంది. ఎక్కువ శక్తినిచ్చే పెద్ద దళాలు కదలాలంటే భారం ఎక్కువగానైనా ఉండాలి, లేదా తక్కువ భారంతోనే ఇక చేయలేననే స్థితి దాకానైనా పోవాలి. సాధన మొదలుపెట్టిన తొలి వారాలలో కండరం పెద్దగా లావెక్కకపోయినా ఎత్తగలిగే బరువు చకచకా పెరుగుతుంది, ఎందుకంటే నాడులు ఆ దళాలను ఒక్కుమ్మడిగా పిలవడం ముందుగా నేర్చుకుంటాయి. తంతువులు కంటికి కనిపించేంతగా మందమెక్కడం ఆ తరువాత, నెలల మీద, నెమ్మదిగా జరిగే పని.

కొత్త పోకడలు బలాభివృద్ధికి అడ్డు తగిలేది సరిగ్గా ఈ చోటనే. కండరాన్ని ‘గందరగోళపరిస్తే’ తప్ప అది పెరగదని, అందుకోసం వ్యాయామాలను తరచూ మార్చేస్తూ ఉండాలని 2000ల దశకంలో అమెరికాలో డీవీడీలుగా అమ్ముడైన పీ90ఎక్స్ వంటి కార్యక్రమాలు ప్రచారం చేశాయి. నేటి రీల్సులోనూ అదే వాదన రూపం మార్చుకొని తిరుగుతోంది. కొత్త కదలికను మొదటి కొద్ది వారాలు చేసినప్పుడు కనిపించే పురోగతిలో ఎక్కువ భాగం నాడులు నేర్చుకున్న నైపుణ్యమే కాబట్టి, ఆ నేర్పు కుదిరి కండరం వంతు వచ్చే సమయానికి సాధకుడు మరో వ్యాయామానికి మారిపోతే, నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది గాని భారం పెరగదు. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు పట్టే ఒళ్లునొప్పులు ఏదో గొప్ప పని జరిగిందన్న భ్రమను కూడా కలిగిస్తాయి. అలవాటు లేని కదలిక ఎవరికైనా నొప్పి పుట్టిస్తుంది, అది బలానికి కొలమానం కాదు. కిందటి నెలలో 30 కిలోలు ఎత్తిన మనిషి ఈ నెలలో అంతే శుద్ధంగా 35 కిలోలు ఎత్తగలిగాడా అన్నదే కొలమానం. ఒకే వ్యాయామాన్ని పట్టుకొని ఉన్నవారికే ఆ పోలిక సాధ్యమవుతుంది.

కష్టం లేకుండా ఫలితం ఇస్తామన్న వాగ్దానాల చరిత్ర వేరుగా చెప్పుకోదగినది. నడుముకు చుట్టుకుంటే ఒళ్లంతా అదిరించే బెల్టు యంత్రాలు గత శతాబ్దంలో కొవ్వు కరిగిస్తాయన్న పేరుతో చాలాకాలం చెలామణి అయ్యాయి. కరెంటు తాకిడితో పొట్ట కండరాలను బిగిస్తామన్న బెల్టుల అమ్మకందార్లపై అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో చర్య తీసుకుంది. ధరించి నడిస్తే చాలు, కాళ్లూ పిరుదులూ గట్టిపడతాయని ప్రకటించిన బూట్ల విషయంలో రీబాక్ 2011లో 2.5 కోట్ల డాలర్లు, స్కెచర్స్ 2012లో 4 కోట్ల డాలర్లు చెల్లించి అదే కమిషన్‌తో రాజీకి రావలసి వచ్చింది. ఫలానా వ్యాయామంతో ఫలానా చోటి కొవ్వే కరుగుతుందన్న నమ్మకాన్ని టెన్నిస్ ఆటగాళ్ల మీద 1971లో వెలువడిన ఒక అధ్యయనం సూటిగా పరీక్షించింది. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేతిలో కండ పెరిగినప్పటికీ, చర్మం కింది కొవ్వు మందంలో ఆ చేతికీ రెండో చేతికీ తేడా కనిపించలేదు. పొట్ట తగ్గడానికి వందల కొద్దీ క్రంచెస్ చేయించే తరగతులు ఈనాటికీ నడుస్తూనే ఉండడం విచారకరం. సంగీతంతో సాగే జుంబా వంటి తరగతులను మాత్రం ఈ జాబితాలో చేర్చడం అన్యాయం. అవి గుండెకూ ఉత్సాహానికీ మంచివే, కాకపోతే భారం పెంచే సాధనకు అవి ప్రత్యామ్నాయం కాలేవు.

భారతీయులకు కండబలం అవసరం మరింత ఎక్కువ అని చెప్పడానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. పుణేకు చెందిన మధుమేహ పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ సహచరుడు జాన్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. చూపుకు సన్నగా ఉంటూనే లోపల కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండే ఈ శరీరతత్వం మన దేశంలో మధుమేహం ఇంతగా వ్యాపించడానికి ముఖ్య కారణాలలో ఒకటి. భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను లోపలికి తీసుకునేది కండరమే. పైగా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను గ్రహించగలదు. అందువల్ల బరువు తగ్గడం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకొని, తిండి మాడ్చుకొని, ఉన్న కాస్త కండను కూడా కరిగించుకునే శీఘ్ర పథకాలు ఇటువంటి శరీరాలకు చేసే మేలు అనుమానాస్పదం.

క్రమంగా పెంచే సాధన తెలుగు నేలకు పరాయిది కాదు. దండీలు, బస్కీలు తీయించే వ్యాయామశాలల పరంపర ఉత్తరాంధ్రలో గట్టిగా ఉండేది. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి ‘కలియుగ భీముడు’గా ప్రసిద్ధికెక్కిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలోని ఆ వాతావరణంలోనే తయారై, మద్రాసులో వ్యాయామ విద్యాశిక్షణ పొందినవాడు. అదే శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి, మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు మొదటిసారి చోటు దక్కిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. అవే లిఫ్టులను ఏళ్ల తరబడి, భారం పెంచుకుంటూ పోవడం మీద నిలిచిన క్రీడ అది.

సామాన్యుడికి కావలసిన వ్యాయామాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. కూర్చొని లేవడం, నేల మీది బరువును పైకెత్తడం, ఎదుటికి లేదా తల పైకి నెట్టడం, తన వైపుకు లాగడం, చేతబట్టుకొని నడవడం అనే ఐదు రకాల కదలికల్లో శరీరమంతా వచ్చేస్తుంది. వీటిలో డెడ్‌లిఫ్ట్ అని పిలిచే రెండవదాన్ని కాస్త దగ్గరగా చూడవచ్చు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. దాన్ని లేపబోయి నడుము పట్టేసిన ఉదంతాలు ప్రతి వీధిలోనూ వినిపిస్తాయి. చాలామంది మోకాళ్లు బిగబట్టి, వీపు విల్లులా వంచి, బరువును ఒంటికి దూరంగా ఉంచి లేపుతారు. డెడ్‌లిఫ్ట్ నేర్పేది దీనికి పూర్తిగా విరుద్ధమైన అలవాటు. పాదాలను తుంటి వెడల్పున ఉంచి, కడ్డీని మోకాలి కింది ముందెముకకు దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టుకొని, పిరుదులను వెనక్కి నెడుతూ వంగి, వీపును నిటారుగా బిగించి, ఊపిరి నింపుకొని, పాదాలతో నేలను కిందికి నెడుతున్నట్టుగా లేవాలి. ఇది కుదిరినవారికి బియ్యం బస్తా, పసిపిల్లవాడు, సూట్‌కేసు అన్నీ అదే పద్ధతిలో పైకి వస్తాయి.

జిమ్‌లోని ప్రామాణిక కడ్డీ ఒక్కటే 20 కిలోలు ఉంటుంది కాబట్టి, అది కూడా ఎక్కువనిపించేవారు డంబెల్స్‌తోనో నీళ్లు నింపిన డబ్బాతోనో మొదలుపెట్టవచ్చు. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కో వ్యాయామం రెండు మూడు సెట్లు చొప్పున చేస్తూ, చివరి సెట్‌లో ఇంకా రెండు రెప్పులు చేయగలిగేటట్టున్నప్పుడు ఆపి, అనుకున్న రెప్పులన్నీ చక్కగా కుదిరిన తరువాతి రోజున అటొక 1.25 కిలోలు, ఇటొక 1.25 కిలోల ప్లేటు చేర్చడం కొత్తవారికి సరిపోయే ప్రణాళిక. తేదీ, బరువు, రెప్పులు రాసుకునే చిన్న నోటు పుస్తకం ఈ పనిలో ఏ ఖరీదైన వాచీకన్నా ఉపయోగకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా నడక వంటి వ్యాయామాలతో పాటు, పెద్ద కండరాలన్నిటికీ బలాన్నిచ్చే సాధన వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని పెద్దలందరికీ సూచిస్తున్నాయి. నడక ఒక్కదానితో సరిపెట్టుకునే మన పార్కుల సంస్కృతి ఈ రెండవ సగాన్ని పట్టించుకోవడం లేదు.

బరువులు యువకుల వ్యవహారమన్న అపోహ వల్ల ఎక్కువగా నష్టపోతున్నది నడివయసు దాటిన స్త్రీలు. నెలసరి ఆగిపోయి ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలతో ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ పేరుతో జరిగిన పరీక్షలో, ఒక వర్గం నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, 8 నెలలపాటు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, తలపైకి ప్రెస్ వంటివి భారీ బరువులతో చేసింది. వారి నడుము వెన్నెముకల సాంద్రత సగటున 2.9 శాతం పెరగగా, ఇంటి వద్ద తేలికపాటి వ్యాయామాలు చేసిన వర్గంలో అది 1.2 శాతం తగ్గింది. అంతకు చాలా ముందే, 1990లో, బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమ ఆసుపత్రిలో సుమారు 90 ఏళ్ల వయసున్న, బాగా నీరసించిన కొద్దిమందికి 8 వారాలు బరువులతో సాధన చేయించగా, దాన్ని పూర్తిచేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోంచి లేవగలగడం, స్నానాలగదిలో కాలు జారినప్పుడు నిలదొక్కుకోగలగడం ఆ వయసులో ఎంత విలువైనవో ముసలివారున్న ఏ ఇంటిని అడిగినా చెబుతుంది.

తిండి సంగతి కొద్ది మాటల్లోనే తేలుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. బరువులు ఎత్తేవారికి అంతకన్నా ఎక్కువ అవసరమైనా, కిలోకు 1.6 గ్రాములు దాటాక అదనంగా కండ పెరిగిన దాఖలా లేదని 2018లో 49 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ తేల్చింది. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 8 గ్రాముల దాకా ఉంటాయి. పప్పు, పెరుగు, చేప, కోడి, సెనగలతో ఈ లెక్కను చేరుకోవడం అసాధ్యమేమీ కాదు. అయితే అన్నం రాశిగా, పప్పు పలచగా ఉండే కంచంలో ఆ నిష్పత్తి మారవలసి ఉంటుంది. కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని అదే సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో హితవు చెప్పింది.

అదుపులో లేని రక్తపోటు, ఛాతీనొప్పి, హెర్నియా, మధుమేహం వల్ల కంటి రెటీనా దెబ్బతినడం వంటి సమస్యలున్నవారు డాక్టరును సంప్రదించిన తరువాతే బరువులు పట్టాలి. భారీ బరువు కింద ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు క్షణకాలం బాగా పెరుగుతుంది గనుక, అటువంటివారు తేలిక బరువుతో, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ చేయడం క్షేమం. కండరంలో మంట, మర్నాటి బిగువు మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి వచ్చినా, నడుము నుంచి కాలికి తిమ్మిరి పాకినా, ఛాతీ పట్టేసినట్టు అనిపించినా ఆ సెట్‌ను అక్కడే ఆపేయాలి. శిక్షకుడిని ఎంచుకునేటప్పుడు అతని సొంత కండలకన్నా, కొత్తగా వచ్చినవారికి ఖాళీ కడ్డీతో ఎన్ని రోజులు పద్ధతి నేర్పుతాడు, ఎవరి బరువు ఎంత పెరిగిందో రాసి ఉంచుతాడా లేదా అన్నవి గమనించడం మంచిది. చేరిన మొదటి రోజే కొత్తవారి చేత వాంతి వచ్చేదాకా వ్యాయామం చేయించే జిమ్‌కు రెండవ రోజు వెళ్లనవసరం లేదు.