నొప్పి లేనప్పుడే చేయించుకోవలసిన పరీక్ష

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదు. ముందుగా ముఖద్వారం పైపొరలో కొన్ని కణాలు మార్పు చెందుతాయి. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ కాలమంతా నొప్పి ఉండదు, రక్తం కనబడదు. కాబట్టి "నాకేం బాధ లేదు కదా, పరీక్ష ఎందుకు?" అని మన ఆడవాళ్ళు ఊరుకుంటారు. నిజానికి బాధ లేని ఆ రోజులలోనే ఈ జబ్బును పూర్తిగా ఆపగలం.

2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 80,000 మంది దీనివల్ల చనిపోయారని అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

ఎందువల్ల వస్తుంది?

హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల. ఈ సంగతి కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. కాపురం చేసే స్త్రీపురుషులలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం నిలిచిపోయి కణాలను పాడుచేస్తుంది. వైరస్ ఉందని తేలితే క్యాన్సర్ వచ్చినట్లు కాదు. ఎన్నో ఏళ్ళ క్రితం సోకినది ఇప్పుడు బయటపడవచ్చు. కనుక దానిని పట్టుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం తగదు.

ఏ పరీక్షలు ఉన్నాయి?

పాప్ స్మియర్: ముఖద్వారం నుండి కొన్ని కణాలను తీసి గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినితో చూస్తారు. ధనిక దేశాలలో ఈ పరీక్ష వల్లనే ఈ క్యాన్సర్ చాలావరకు తగ్గింది. కానీ దీనికి ప్రయోగశాల, శిక్షణ పొందిన నిపుణులు కావాలి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. కూలి పోగొట్టుకుని ఒకసారి వచ్చిన మనిషి ఫలితం కోసం మళ్ళీ రాకపోవచ్చు.

వెనిగర్ పరీక్ష: పల్చని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన చోట తెల్లని మచ్చ కనబడుతుంది. శిక్షణ పొందిన నర్సు చేయగలదు, ఫలితం అప్పుడే తెలుస్తుంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 30 నుండి 59 ఏళ్ళ స్త్రీలకు నర్సులు ఈ పరీక్ష చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో ప్రకటించారు.

హెచ్.పి.వి. పరీక్ష: వైరస్ ఉన్నదీ లేనిదీ నేరుగా చెబుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో ఒక్కసారి ఈ పరీక్ష చేసి, అవసరమైనవారికి వైద్యం చేయగా, మరణాలు సుమారు సగానికి తగ్గాయని 2009లో తేలింది. ఈ పరీక్షకు నమూనాను స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చు. సిగ్గుతో వెనుకాడేవారికి ఇది మంచి మార్గం.

మన మేడ్చల్‌లో ఈ మూడు పరీక్షలనూ పోల్చి చూసి 2010లో ఫలితాలు ప్రకటించారు. వెనిగర్ పరీక్షలో కంటికి అందక తప్పిపోయిన మార్పులు ఎక్కువని అందులో కనబడింది. ముట్లుడిగిన స్త్రీలలో మార్పు వచ్చే చోటు లోపలికి పోతుంది కనుక వారికి అది అంతగా పనికిరాదు. వీలైనచోట హెచ్.పి.వి. పరీక్షే మేలు. అది దొరకనిచోట ఏ పరీక్షా లేకుండా ఉండడం కంటే వెనిగర్ పరీక్ష ఎంతో నయం.

గర్భసంచి తీసేస్తారా?

మనవారిలో ఉన్న పెద్ద భయం ఇదే. భయానికి కారణమూ ఉంది. 2015-16 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి అప్పటికే గర్భసంచి తీసివేశారు. అయితే ముందస్తు మార్పు కనబడినంత మాత్రాన గర్భసంచి తీయనక్కరలేదు. ఆ కాస్త భాగాన్ని చలితోగాని వేడితోగాని మాడ్చివేయవచ్చు, లేదా కరెంటు తీగతో కత్తిరించవచ్చు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. ఎవరైనా వెంటనే గర్భసంచి తీయాలంటే రిపోర్టు అడిగి, మరొక డాక్టరుకు చూపించండి.

ఎవరు, ఎప్పుడు?

30 నుండి 65 ఏళ్ళ వరకు ఐదేళ్ళకొకసారి చేయించుకోవాలని 2016లో కేంద్ర ప్రభుత్వం సూచించింది. హెచ్.ఐ.వి. ఉన్నవారు 25 ఏళ్ళకే మొదలుపెట్టి మూడు నుండి ఐదేళ్ళకొకసారి చేయించుకోవాలి. ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ళ మధ్య టీకా వేయిస్తే మంచి రక్షణ. టీకా వేయించుకున్నవారికి కూడా పెద్దయ్యాక పరీక్ష అవసరమే.

నెలసరి లేని రోజు చూసుకుని రండి. ఊడ్పులు, కోతలు లేని వారంలో అత్తాకోడళ్ళు, తోటికోడళ్ళు కలిసి వస్తే ధైర్యంగా ఉంటుంది. కువైట్ నుండి సెలవు మీద వచ్చిన అక్కచెల్లెళ్ళు తిరిగి వెళ్ళేలోగా చేయించుకోవాలి. ఐ.పోలవరం చుట్టుపక్కల వారు ముందుగా ఆశా కార్యకర్తనుగాని నర్సమ్మనుగాని అడగండి. పెద్ద ఆసుపత్రి అవసరమైతే అమలాపురం ఉంది, యానాం వారధి దాటితే కాకినాడ ఉంది.

కలయిక తరువాత రక్తం కనబడినా, ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఐదేళ్ళ లెక్క చూడకుండా వెంటనే డాక్టరును కలవండి.

ఒక్క మాట మరువకండి. పరీక్ష చేయించుకుని ఫలితం కోసం రాకపోతే చేయించుకోనట్లే. కబురు వస్తే దాచుకోకుండా, వాయిదా వేయకుండా రండి. భర్తలారా, ఆ రోజు మీరే వెంటబెట్టుకుని తీసుకురండి.