కడలి అంచున సైకిలు దారి

పాఠ్యభాగ ఉద్దేశం

చారిత్రక ప్రదేశాలను దర్శించడం కూడా ఒక విద్య. విశాఖపట్టణం నుండి భీమునిపట్టణం వరకు గల తీరమార్గ విశేషాలను, ఆ మార్గంలో సైకిలుపై ప్రయాణించే పద్ధతిని, తీరసంపద పట్ల మనకు గల బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విశాఖపట్టణంలోని రామకృష్ణా బీచి నుండి ఈశాన్య దిశగా ఒక రోడ్డు సముద్రాన్ని ఒరుసుకొంటూ భీమునిపట్టణం వరకు సాగుతుంది. దాని పొడవు 30 కిలోమీటర్లకు మించదు. కుడివైపు బంగాళాఖాతం, ఎడమవైపు తూర్పు కనుమల కొసకొండలు. కారులో వెళ్ళేవారు దీనిని గంటలో దాటిపోతారు. వారి కంటికి అలలు తప్ప మరేమీ ఆనవు. నడిచి వెళ్ళేవారికి అన్నీ కనిపిస్తాయి గాని, దారిలోని కొండలన్నీ ఎక్కి చూడడానికి ఒక్కరోజు చాలదు. ఈ రెండింటికీ నడిమి సాధనం సైకిలు. దానిమీద వెళ్ళేవారికి ఇరవై శతాబ్దాల చరిత్ర ఒక్క పగటిలో పరిచయమవుతుంది.

ఇటువంటి దారులకు అనువైనది కొండ సైకిలు. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కొందరు యువకులు పాత సైకిళ్ళపై టమల్‌పాయిస్ కొండ వాలులలో దిగడం వినోదంగా చేసుకొన్నారు. ఆ వినోదమే క్రమంగా క్రీడగా ఎదిగి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్థానం సంపాదించింది. ఈ సైకిలుకు వెడల్పయిన టైర్లు, దృఢమైన చట్రం, అనేకమైన గేర్లు ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసును ముందువైపు చిన్న పళ్ళచక్రానికి, వెనుకవైపు పెద్ద పళ్ళచక్రానికి మార్చుకోవాలి. అప్పుడు పెడలును ఎక్కువసార్లు తొక్కవలసి వచ్చినా ప్రతిసారీ పడే శ్రమ తగ్గుతుంది. వేగాన్ని వదులుకొని బలాన్ని పొందడమే గేరు రహస్యం. వాలు దిగేటప్పుడు శరీరభారాన్ని వెనుకకు జరిపి, రెండు బ్రేకులనూ మెల్లగా నొక్కాలి. ముందు బ్రేకు ఒక్కదానినే గట్టిగా పట్టినవాడు సైకిలుకంటె ముందుగా నేలను చేరుతాడు!

తీరప్రయాణానికి గాలి తీరు తెలియడం ముఖ్యం. వేసవిలో ఇక్కడ నైరుతి గాలి వీస్తుంది. భీమిలికి వెళ్ళేటప్పుడు అది వెనుకనుండి తోస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. వెళ్ళినప్పటి ఉత్సాహాన్ని నమ్మి బలమంతా ఖర్చు చేసినవారు తిరుగుదారిలో పశ్చాత్తాపపడతారు. అందుచేత సూర్యోదయానికి ముందే బయలుదేరి, తగినంత నీరు వెంట తీసుకొని, తిరుగు ప్రయాణానికి సగం శక్తిని దాచుకోవడం వివేకం. తలకు శిరస్త్రాణం తప్పనిసరి.

బయలుదేరిన కొద్దిసేపటికే ఇసుకతీరంలో కురుసుర జలాంతర్గామి దర్శనమిస్తుంది. 1969లో మన నౌకాదళంలో చేరిన ఈ నౌక 2001లో విశ్రాంతి పొంది, 2002లో ప్రదర్శనశాలగా మారింది. అక్కడినుండి కైలాసగిరి పాదాన్ని చుట్టి, ఋషికొండను దాటితే నగరపు సందడి వెనుకబడుతుంది.

ఆపైన ఎడమవైపు కొండలపై ఉన్నవే బావికొండ, తొట్లకొండ. ఈ పేర్లను ఒక్క క్షణం పరిశీలించండి. తొట్లకొండపై వాననీటిని పట్టి ఉంచడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. బావికొండకు ఆ పేరు అక్కడి బావుల వలన వచ్చింది. ఈ కొండలపై సుమారు రెండువేల ఏండ్లకు పూర్వం బౌద్ధభిక్షువులు నివసించారు. స్తూపాలు, చైత్యాలు, విహారాలు కట్టుకొన్నారు. కాలక్రమంలో ఆ ఆరామాలు మట్టిలో కలిసిపోయాయి. వాటి అసలు పేర్లు జనం మరచిపోయారు. అయినా నీటిని దాచిన తొట్లను, బావులను మాత్రం పల్లెప్రజల నాలుక మరువలేదు. శాసనం చెప్పనిదానిని ఊరిపేరు చెప్పడమంటే ఇదే.

1976లో నౌకాదళంవారు తమ స్థావరంకోసం విమానం నుండి సర్వే జరుపుతుండగా తొట్లకొండ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలలో శాతవాహనుల నాణాలతోపాటు రోమను వెండి నాణాలు కూడా లభించాయి. మధ్యధరా తీరపు నాణెం తెలుగుకొండ మీదికి ఎలా వచ్చింది? సముద్రవాణిజ్యం వలన. సన్న్యసించిన భిక్షువులు సముద్రానికి ఎదురుగా ఉన్న కొండను ఎన్నుకోవడంలో మర్మం ఇక్కడ కొంత బోధపడుతుంది. వర్తకుల ఆదరణకు రేవు దగ్గరగాను, ధ్యానానికి ఊరు దూరంగాను ఉన్న చోటు అది. గేరు తగ్గించి, చెమటోడ్చి ఆ కొండ ఎక్కినవానికి ఆ తొట్లలోని నీటి విలువ పుస్తకం చెప్పకుండానే తెలుస్తుంది.

కొండ దిగి ముందుకు సాగితే ఈ యాత్రలో అత్యంత విలక్షణమైన ప్రదేశం వస్తుంది. అవే ఎర్రమట్టి దిబ్బలు. గత హిమయుగంలో సముద్రమట్టం నేటికంటె ఎంతో కిందికి దిగిపోయింది. అప్పుడు బయటపడిన ఇసుకను గాలులు లోపలికి మోసుకువచ్చి దిబ్బలుగా పేర్చాయి. ఆ ఇసుకలోని ఖనిజాలందలి ఇనుము వేల సంవత్సరాలు గాలికి, నీటికి లోనై తుప్పుపట్టి, ప్రతి రేణువుకూ ఎర్రని పూత పూసింది. వానలు ఆ దిబ్బలను కోసి లోతైన గండ్లుగా మలచాయి. దక్షిణాసియాలో ఇటువంటి ఎర్ర ఇసుకమేటలు తమిళనాడులోను, శ్రీలంకలోను కూడా ఉన్నాయి గాని, అవి అరుదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఈ ఎత్తుపల్లాలను చూడగానే కొండ సైకిలు నడిపేవారి కాళ్ళు ఊరకుండవు. ఇంతకంటె అనువైన వాలు మరెక్కడ దొరుకుతుందనిపిస్తుంది. కాని సరిగ్గా ఇక్కడే సైకిలు దిగాలి. ఎందుకు? ఈ దిబ్బ రాయి కాదు. వదులుగా అతుక్కొన్న ఇసుక. టైరు పైపొరను చీల్చి ఒక గాడిని చేస్తుంది. తొలివానకు నీరు ఆ గాడిలోనే పరుగు తీస్తుంది. మలివానకు గాడి కాలువవుతుంది. కొన్ని వానకాలాలు గడిచేసరికి అంచు కూలిపోతుంది. ప్రకృతి వేల ఏండ్లు పేర్చినదానిని ఒక సాయంకాలపు సరదా గండికొట్టగలదు. మట్టి తవ్వకాలు, కట్టడాలు ఈ దిబ్బలకు పెద్ద ముప్పు అన్నది నిజమే. అయితే పెద్ద తప్పును చూపి చిన్న తప్పును సమర్థించుకోరాదు. సైకిలును రోడ్డు పక్కన నిలిపి, అలవాటైన కాలిబాటలోనే నడిచి చూడడం మనం చెల్లించవలసిన మర్యాద.

మరికొంత దూరం సాగితే గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమునిపట్టణం ఎదురవుతుంది. నూలుబట్టల వ్యాపారంకోసం 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ స్థిరపడ్డారు. 1824లో జరిగిన ఒడంబడిక పర్యవసానంగా ఈ రేవు ఆంగ్లేయుల వశమైంది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. నేడు ఈ పట్టణం విశాఖ మహానగరంలో భాగం. ఊరి పక్కన పావురాలకొండపైన బౌద్ధుల రాతితొట్లు మళ్ళీ పలకరిస్తాయి. తీరంలో డచ్చివారి సమాధులు మౌనంగా నిలిచి ఉన్నాయి. మోక్షంకోసం వచ్చినవారు, ధనంకోసం వచ్చినవారు ఈ తీరంలోనే తమ ఆనవాళ్ళను విడిచిపోయారు.

మనం విడిచే ఆనవాలు ఏమిటి? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడే యాత్ర సార్థకమవుతుంది. ఎక్కవలసిన కొండను ఎక్కడం దేహబలం. దిగవలసిన చోట సైకిలు దిగడం సంస్కారం. మొదటిది కొద్దిరోజుల అభ్యాసంతో వస్తుంది. రెండవదానికి చదువు కావాలి.

కఠిన పదాలు – అర్థాలు

శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది, హెల్మెట్
జలాంతర్గామి = నీటిలోపల సంచరించే నౌక
ఆరామం = బౌద్ధభిక్షువుల నివాసస్థానం
రేణువు = అతి చిన్న కణం
మేట = గాలి లేక నీరు తెచ్చి పేర్చిన ఇసుక పోగు
ఒడంబడిక = ఒప్పందం
పర్యవసానం = ఫలితం

ప్రశ్నలు

1. తొట్లకొండ, బావికొండ అనే పేర్లు మనకు ఏ చారిత్రక విషయాన్ని తెలుపుతున్నాయి?
2. ఎర్రమట్టి దిబ్బలు ఏర్పడిన విధానాన్ని వివరించండి.
3. “దిగవలసిన చోట సైకిలు దిగడం సంస్కారం” – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. మీ ఊరిలో లేదా సమీపంలో గల ఒక ప్రదేశం పేరును తీసుకొని, ఆ పేరు ఎలా ఏర్పడిందో పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాయండి.